బోదకాలు మాత్ర వెనుక మనవాడు

నా చిన్నతనంలో ఏటా ఒకరోజు ఆరోగ్య కార్యకర్త మా గుమ్మంలోకి వచ్చి తెల్లమాత్రలు చేతిలో పెట్టేది. అవి బోదకాలు రాకుండా ఇచ్చేవి, పైసా ఖర్చు లేదు. మా నాన్నమ్మ మింగినట్టే మింగి గోడగూట్లో పడేసేది. ఆ మాత్ర పేరు డి.ఇ.సి. దాన్ని లోకానికిచ్చింది మన గోదావరి పిల్లవాడని నాకు డిగ్రీలో చేరాకగాని తెలియలేదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి పారిపోయాడట. తల్లి వెంకమ్మగారు దారిలోనే పట్టి తెప్పించింది. మా నాన్న గెలలు రావులపాలెం తోలుకెళ్లినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఆవిడ ఊరుకుంటే మనకొక అరటిపళ్ల వర్తకుడు మిగిలేవాడు!

మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు తెల్లదొర కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో పోయారు. తనకూ అదే వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం బతికించింది. మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో 1923లో బోస్టన్ చేరాడు. పొట్టకూటికి ఆసుపత్రిలో చిల్లర పనులు చేశాడు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. మన ప్రాక్టికల్స్‌లో నీలంరంగు చూసి మార్కులు వేయించుకునేది దాంతోనే. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో కొన్నిరకాల రక్తహీనతకు పశువుల కాలేయం నుంచి తీసిన సారమే మందు. బోలెడు కాలేయం వడకడితే కాసింత మందు వచ్చేది. పేదవాడికెలా అందుతుంది? హార్వర్డ్‌లోనే కాలేయసారాన్ని శుద్ధి చేసిన ఎడ్విన్ కోన్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో దాతల రక్తపు ప్లాస్మాను విడగొట్టి ఆల్బుమిన్ తీశాడు. దాని బాధా అదే. ఎవరో రక్తమిస్తేగాని ప్లాస్మా లేదు, ప్లాస్మా లేకపోతే మందు లేదు. ఇమ్యూనోగ్లోబ్యులిన్‌కు ఇప్పటికీ దాతే ఆధారం, అందుకే ఆ ధర. సుబ్బారావు బృందం మాత్రం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని రసాయనాలతోనే తయారుచేసింది. కాలేయంతో పని లేకుండా ఫ్యాక్టరీలో కావలసినంత చేసుకోవచ్చు. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకు కూడా అదే మందైంది. ఇవాళ గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఊరూరా పంచుతున్నదీ అదే.

డి.ఇ.సి. 1947లో వచ్చింది. పురుగుపిల్లలు రాత్రిళ్లే పైరక్తంలోకి వస్తాయి గనుక పొద్దుపోయాక వేలు గుచ్చి రక్తం చూసేవారు. ఈ మందు ఆ పిల్లల్ని చంపుతుంది. అప్పటికే వాచిపోయిన కాలు మాత్రం తిరిగి సన్నబడదు, కాబట్టి ముందే మింగాలి. ఈ సంగతి మా నాన్నమ్మకు ఎవరూ విప్పి చెప్పలేదు.

ఒక్కటి నాకు మింగుడుపడదు. భార్య శేషగిరిగారిని ఇక్కడ వదిలి వెళ్లినవాడు మళ్లీ ఆమెను చూడనేలేదు. పని, పని అంటూ 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే అమెరికాలో కన్నుమూశాడు. భారత ప్రభుత్వం ఆయన తపాలాబిళ్ల వేసింది 1995లో.

ఆయన మాత్ర మాత్రం ఇంటికొచ్చింది. ఒక జపాన్ కంపెనీ విశాఖపట్నంలోని తన కర్మాగారంలో డి.ఇ.సి. తయారుచేసి, 2013 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తూ వచ్చింది.