పట్టా లేని ఇంజినీరు.. పాఠం చెప్పే జీవితం!

మీరు మెకానికల్ ఇంటర్వ్యూలో కూర్చున్నారు. ఇంజిన్ బ్లాకులో బోల్టు విరిగి సగం లోపలే ఉండిపోయింది, ఎలా తీస్తారని అడిగారు. థర్మోడైనమిక్స్‌లో ఎన్ని మార్కులు వచ్చినా ఈ ప్రశ్న దగ్గర చాలామంది నోరు మూగబోతుంది. ఎందుకంటే దీనికి జవాబు పుస్తకంలో తక్కువ, చేతిలో ఎక్కువ ఉంటుంది. ఆ చేతినే పెట్టుబడిగా పెట్టి పెద్ద పారిశ్రామికవేత్తగా ఎదిగిన తెలుగువాడొకరు ఉన్నారు. అమరావతి, నరసరావుపేట, మాచర్లలో కూర్చుని నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న మీరు ఆయన గురించి ఒక్కసారైనా చదవాలి. ఆయనే జి.డి.నాయుడు.

విప్పితేనే తెలిసింది

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న తమిళనాడులోని కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో పుట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. బడి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. కుర్రతనంలో ఓ బ్రిటిష్ అధికారి నడిపే రడ్జ్ మోటార్‌సైకిల్ కంట్లో పడింది. అంతే, మనసంతా దాని మీదే. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టి, చివరికి ఆ బండినే కొనేశారు. కొన్న వెంటనే షికారుకు వెళ్లలేదు. మొత్తం విప్పేశారు, మళ్లీ బిగించారు. ఆయన ఇంజినీరింగ్ కాలేజీ అదే!

పాత బండిని విప్పడమంటే మాటలు కాదు. బోల్టు తుప్పుపట్టి పట్టేసి ఉంటుంది. బలం ఎక్కువ పెడితే తల తెగిపోతుంది. పైగా అప్పటి బ్రిటిష్ యంత్రాల మర వేరు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ప్రమాణంలో మర కోణం 55 డిగ్రీలు. ఇప్పుడు మనం వాడే మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. విట్‌వర్త్‌కు ముందు ఏ వర్క్‌షాప్ మర దానిదే, ఒకచోట చేసిన నట్టు ఇంకోచోటి బోల్టుకు ఎక్కేది కాదు. ఈ తేడా తెలియకుండా ఏదో ఒక బోల్టు తెచ్చి బిగిస్తే ఉన్న మర కూడా పోతుంది.

ఇంతకీ ఆ బోల్టు ఎలా తీయాలి?

ఇంటర్వ్యూలో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. ముందు తుప్పు వదిలించే ఆయిల్ వేసి, అది లోపలికి దిగేదాకా ఆగాలి. ముక్క కొంచెం పైకి కనిపిస్తుంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఆ నట్టును తిప్పుతారు. లోపలే ఉండిపోతే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్‌తో రంధ్రం వేస్తారు. చాలాసార్లు ఆ తిప్పుడుకే ముక్క బయటికి వచ్చేస్తుంది. రాకపోతే బోల్టు చుట్టూ బ్లాకును వేడి చేసి, ఎక్స్‌ట్రాక్టర్ దించి నెమ్మదిగా తిప్పాలి. ఇక్కడ తొందరపడితే అసలుకే మోసం. ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టి ఉక్కు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని కోయలేదు. అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది.

మర పాడైతే రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త ట్యాప్ కొట్టి, స్టీలు తీగతో చుట్టిన ఇన్సర్ట్ ఎక్కిస్తారు. అప్పుడు పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. మామూలుగా ట్యాప్ కొట్టడానికి ముందు వేసే రంధ్రానికి ఓ సులువైన లెక్క ఉంది. బోల్టు సైజులోంచి పిచ్ తీసేయండి. 8 మి.మీ. బోల్టు, పిచ్ 1.25 అయితే 6.75 వస్తుంది. అందుకే 6.8 మి.మీ. డ్రిల్ వాడతారు.

ఒక్క బస్సుతో మొదలు

మళ్లీ నాయుడి దగ్గరికి వద్దాం. మెకానిక్‌గా చేయి తిరిగాక 1920లో ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే తర్వాత యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థ అయింది. బస్సులు నడవాలంటే రిపేర్లు తెలియాలి. ఆ విద్య ఆయన చేతిలోనే ఉంది. యజమానే మెకానిక్ అయినప్పుడు బండి షెడ్డులో ఊరికే పడి ఉండదు కదా!

బస్సులతో ఆగలేదు. 1937లో డి.బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును తెచ్చారు. డ్రై సెల్స్‌తో నడిచే రసంత్ అనే ఎలక్ట్రిక్ రేజర్ చేశారు. పళ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా ఆయన జాబితాలో ఉన్నాయి. అన్నీ గెలుపులే అనుకోకండి. 1952లో 2,000 రూపాయలకే ఇవ్వగల రెండు సీట్ల పెట్రోల్ కారు తయారుచేస్తే, ప్రభుత్వ లైసెన్సు దొరక్క ఉత్పత్తి ఆగిపోయింది. పనితనం ఉన్నంత మాత్రాన ప్రతి తలుపూ తెరుచుకోదు. ఆ మాట మనకూ అనుభవమే.

నాలుగేళ్లు కావాలా?

మీకు బాగా దగ్గరగా తగిలే సంగతి ఇది. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాసంస్థ మొదలవడంలో నాయుడిది ముఖ్య పాత్ర. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీకి మూలం అదే. దానికి ప్రిన్సిపల్‌గా కూడా ఉన్నారు. ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు అక్కర్లేదు, పనితో కలిపి నేర్పితే రెండేళ్లు చాలన్నది ఆయన నమ్మకం. అప్పటి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేసి బయటికొచ్చారు.

ఆయన వాదన పూర్తిగా ఒప్పని నాకనిపిస్తుంది. మర కోణం ఎందుకు అంతే ఉండాలి, వేడికి బ్లాకు ఎందుకు వ్యాకోచిస్తుంది, ఏ బోల్టు ఎంత బలానికి తెగుతుంది.. ఇవన్నీ చెప్పేది క్లాసురూమే. కానీ నాలుగేళ్లు చదివి ఒక్క బోల్టూ విప్పకుండా బయటికొచ్చే చదువు మీద ఆయన కోపంలో మాత్రం న్యాయం ఉంది.

1974 జనవరి 4న నాయుడు కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరిట మ్యూజియం ఉంది, వీలైతే చూసి రండి. దానికంటే ముందు చేయాల్సింది మన ఊళ్లోనే ఉంది. ఫలితాల కోసం ఎదురుచూసే ఈ నెలల్లో గుంటూరులోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఏదైనా ఇంజిన్ షెడ్డులో మేస్త్రీని అడిగి పక్కన నిలబడండి. డిగ్రీ, డిప్లొమా పూర్తయినవాళ్లు స్టైపెండ్ ఇచ్చే నాట్స్ అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. చేతికి గ్రీజు అంటితే రెజ్యుమేకు మచ్చేమీ పడదు. రేపు ఇంటర్వ్యూలో విరిగిన బోల్టు గురించి అడిగితే, చదివింది కాకుండా చేసింది చెప్పొచ్చు.