భక్త రామదాసు – అర్థశౌచ విచారము

కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున ఖమ్మము సీమలోని నేలకొండపల్లిలో లింగన్న మంత్రి, కామాంబలకు జన్మించెను. గోలకొండ ప్రభువు తానీషా (1672–1687) కొలువున ప్రాబల్యము వహించిన అక్కన్న మాదన్నలు ఆయన మేనమామలు. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను.

భద్రాద్రిపై రామాలయమునకును, స్వామి నగలకును ఆయన వెచ్చించినది రాజునకు చెందవలసిన పన్ను. అది ఆరు లక్షల వరహాలనియు, తత్ఫలముగా పన్నెండేండ్లు చెరననుభవించెననియు ప్రసిద్ధి. నగల వెలలు లెక్కించి రాముని నిలదీసిన ఆయన కీర్తన నేటికిని గానమందున్నది.

సాధ్యము పవిత్రమైనచో సాధనదోషము తొలగునా? ప్రజల ధనము ప్రజల దేవునకే చేరినది గదా యనువారు కలరు. కాని అధికారి ఆ ధనమునకు రక్షకుడే గాని స్వామి కాడు. శౌచములన్నిటిలో అర్థశౌచమే శ్రేష్ఠమని మనువు నిర్ణయము.

ఐతిహ్యమును పరిశీలించినను ఇదియే తేలును. రామలక్ష్మణులు తానీషాకు దర్శనమిచ్చి, పైకమంతయు చెల్లించి, రసీదు గైకొనిరట. భక్తిని జూచి బాకీ రద్దయినదని జనులు చెప్పుకొనలేదు. భగవంతుడే ఋణము తీర్చెనని చెప్పుకొనిరి. గోపన్నను రామదాసుగా కొలిచిన లోకమే, అప్పును అప్పుగానే నిలిపినది. కావున ఈ చరిత్రను సాధనదోషమునకు సమర్థనముగా గ్రహించుట యుక్తము కాదు.