రెండు టెస్టుల రామస్వామి

మన బడి స్వర్ణోత్సవ సంచికలో మద్రాసు ఆటగాడి ముచ్చట ఎందుకని మిత్రులకు అనిపించవచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలం రేడియో చుట్టూ చేరి, లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో స్కోర్లు రాసుకున్న తరం మాది. ఆ అలవాటు ఇంకా వదలనివాళ్ల చూపు కోటా రామస్వామి పేరు దగ్గర తప్పక ఆగుతుంది. టెస్టులు 2, ఇన్నింగ్స్ 4, పరుగులు 170, సగటు 56.66. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన 1896 జూన్ 16న మద్రాసులో ఒక తెలుగు ఇంట పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. చేపాక్‌లో తెల్లవాళ్ల క్లబ్బు పెవిలియన్‌లో మనవాళ్లకు చోటు లేని రోజుల్లో, 1888లో భారతీయుల కోసం మద్రాసు యునైటెడ్ క్రికెట్ క్లబ్బు పెట్టిన మనిషి. తెల్లవాళ్లకూ మనవాళ్లకూ మధ్య మ్యాచ్ కుదిర్చి, అది జరగకముందే 1908లో కన్నుమూశారు. అప్పటికి రామస్వామికి పన్నెండేళ్లు. బుచ్చిబాబు టోర్నమెంట్ అని ఇప్పుడు మనం పేపర్లో చదివేది ఆ తండ్రి పేరు మీదిదే. తల్లివైపు తాతగారికి దత్తత వెళ్లడంతో రామస్వామి ఇంటిపేరు కోటా అయింది.

ముందు పేరు తెచ్చింది టెన్నిస్. కేంబ్రిడ్జిలో చదువుతుండగా 1922లో డాక్టర్ ఫైజీతో కలిసి డేవిస్ కప్ డబుల్స్ ఆడారు. మనవాళ్లు రుమేనియాను గెలిచి, స్పెయిన్ చేతిలో ఓడారు. టెస్టు క్రికెట్, డేవిస్ కప్ రెండూ ఆడిన భారతీయుడు ఆయన ఒక్కరే. మనదేశానికి తిరిగొచ్చాక మద్రాసు వ్యవసాయ శాఖలో ఉద్యోగం, తీరిక దొరికితే క్రికెట్. ఎడమచేతి వాటం, బంతిని గట్టిగా బాదే ఆట.

అయితే ఒంట్లో సత్తువ ఉన్న ఆ ఏళ్లలో ఆడటానికి మనదేశానికి టెస్టులే లేవు. మొదటి టెస్టు 1932లో లార్డ్స్‌లో జరిగింది. అప్పటికి ఆయనకు 36, ఆ జట్టులో ఆయన లేరు. పిలుపు 1936 ఇంగ్లండ్ పర్యటనకు వచ్చింది. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్. జట్టులో సి.కె.నాయుడు ఉన్నారు. మొదటి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేసిన గొడవల పర్యటన అది.

రెండో టెస్టు జులై 25న మాంచెస్టర్‌లో మొదలైంది. నలభై నిండి నెల దాటిన రామస్వామికి అదే మొదటి టెస్టు. మనవాళ్లలో ఆయనకంటే పెద్ద వయసులో మొదలుపెట్టింది రుస్తంజీ జంషెడ్జీ ఒక్కరే. మొదటి ఇన్నింగ్స్‌లో 40 చేశారు. ఇంగ్లండ్ 571 దగ్గర డిక్లేర్ చేసింది. రెండోరోజు రెండు జట్లూ కలిపి 588 పరుగులు చేశాయి, ఒక్కరోజులో అన్ని పరుగులు ఇంకే టెస్టులోనూ రాలేదు. మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 జోడించాక వచ్చిన రామస్వామి 60 చేశారు. మ్యాచ్ డ్రా. ఓవల్‌లో జరిగిన మూడో టెస్టులో ఇంగ్లండ్ గెలిచింది. అందులో ఆయన 29, ఆపైన 41 నాటౌట్.

రెండు రీడింగులు చూసి ఏ మీటరైనా సరిగ్గా ఉందని మా వృత్తిలో ఎవరమూ సంతకం పెట్టం. కాబట్టి ఆ 56.66ను పెద్ద పెద్ద వాళ్ల సగటు పక్కన పెట్టి మురిసిపోవడం నాకిష్టం లేదు. నాలుగుసార్లు దిగి ఒక్కసారీ 29కి తగ్గలేదు, నన్నడిగితే చూడాల్సింది అది. ఇరవై రెండేళ్లప్పుడే ఆ నాలుగు ఇన్నింగ్స్ దొరికి ఉంటే ఎట్లా ఉండేదో ఏ లెక్కా చెప్పదు. మనదేశం మళ్లీ టెస్టు ఆడింది యుద్ధం ముగిశాక, 1946లో. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు.

తర్వాత సెలెక్టర్‌గా పనిచేశారు. 1952-53లో వెస్టిండీస్ వెళ్లిన జట్టుకు మేనేజర్. తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో రాసి, పుస్తకం పేరులోనే తనను ఆటల పిచ్చోడని చెప్పుకున్నారు. మన డ్రిల్ సార్లకు నచ్చే మాటే.

1985 అక్టోబర్ 15న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, మద్రాసు అడయారులోని ఇంటి నుంచి బయటికి వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. ఏళ్లు గడిచాక క్రికెట్ పుస్తకాలు ఆయనను చనిపోయినవారి జాబితాలో చేర్చుకున్నాయి.