డ్రోన్ల ఫ్యాక్టరీ నుంచి ముఖచిత్రం దాకా

ఇంటర్ చదువుతున్నారు. ఏదో పెళ్లిలో మిమ్మల్ని చూసిన ఫొటోగ్రాఫర్ మీ ముఖం కెమెరాకు బాగా కుదురుతుందన్నాడు. అప్పటి నుంచీ మోడలింగ్ అనే మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంట్లో చెబితే ఏమంటారోనని భయం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఎవరిని నమ్మాలో అంతకన్నా తెలీదు. మీరూ ఈ స్థితిలోనే ఉంటే మార్లిన్ మన్రో జీవితం ఒకసారి చదవండి. హాలీవుడ్ తారగా ఆమె మీకు తెలిసే ఉంటుంది. ఆ పేరు పెట్టుకోకముందు, టీనేజ్ దాటుతున్న రోజుల్లో ఆమె ఓ మామూలు మోడల్. అప్పుడు ఆమె వేసిన అడుగుల్లోనూ, తర్వాత తిన్న దెబ్బల్లోనూ మీకు పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

అండ లేని బాల్యం

1926 జూన్ 1న లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. అసలు పేరు నార్మా జీన్. తల్లి గ్లాడిస్ ఫిల్మ్ ల్యాబ్‌లో నెగెటివ్‌లు కత్తిరించే చిరుద్యోగి. తండ్రి ఆసరా లేదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఓ పెంపుడు కుటుంబానికి అప్పగించారు. ఏడేళ్లప్పుడు తల్లి దగ్గరకు తీసుకుంది కానీ, కొన్ని నెలలకే ఆమె మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలైంది. ఆ తర్వాత తెలిసినవాళ్ల ఇళ్లు, తొమ్మిదేళ్లకు అనాథాశ్రమం, మళ్లీ ఎవరెవరో ఇళ్లు. మాట్లాడితే నత్తి. నలుగురిలో కలవలేని బిడియం.

పదిహేనేళ్లు దాటేసరికి, ఆమెను సాకుతున్న కుటుంబం వేరే రాష్ట్రానికి వెళ్లాల్సి వచ్చింది. వెంట తీసుకెళ్లడానికి అక్కడి చట్టం ఒప్పుకోలేదు. మళ్లీ అనాథాశ్రమానికి పోకుండా ఉండాలంటే పెళ్లొక్కటే దారి అనుకున్నారు. చదువు మధ్యలో ఆపించి, 1942 జూన్‌లో పక్కింటి కుర్రాడు జిమ్ డోహర్టీకి ఇచ్చి చేశారు. అప్పటికి ఆమెకు పదహారేళ్లు నిండి మూడు వారాలు కూడా కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. భర్త వాణిజ్య నౌకాదళంలో చేరి సముద్రం మీదకు వెళ్లాడు. ఆమె వాన్ నైస్‌లోని రేడియోప్లేన్ కంపెనీలో కార్మికురాలిగా చేరింది. సైనికులు గురి చూసి కాల్చడం సాధన చేయడానికి, రేడియోతో నడిచే చిన్న విమానాలు అక్కడ తయారయ్యేవి. ఇవాళ మనం డ్రోన్లు అంటున్నవాటికి అవి పూర్వీకులన్నమాట. పారాచూట్లు తనిఖీ చేయడం, విమాన భాగాలకు ఘాటైన వార్నిష్ కొట్టడం ఆమె పని.

ఒక కెమెరా, ఒక నిర్ణయం

యుద్ధం చివరి దశలో డేవిడ్ కనోవర్ అనే ఆర్మీ ఫొటోగ్రాఫర్ ఆ ఫ్యాక్టరీకి వచ్చాడు. యుద్ధ పరిశ్రమల్లో పనిచేస్తున్న ఆడవాళ్ల ఫొటోలు తీసి, జవాన్లలో ఉత్సాహం నింపాలన్నది సైన్యం ఆలోచన. అతని కెమెరాకు నార్మా జీన్ దొరికింది. మోడలింగ్‌కు పనికొస్తావన్నాడు.

ఇలాంటి మాట చాలామందికి చాలామంది చెబుతారు. విని మురిసిపోయి ఊరుకుంటే అక్కడితో సరి. ఆమె మాత్రం కనోవర్‌కీ, అతని మిత్రులకీ ఫొటోలు దిగి, కెమెరా ముందు ఎలా ఉండాలో కొంత తెలుసుకుంది. ఫ్యాక్టరీ పని మానేసింది. ఇది భర్తకు నచ్చలేదు, అత్తగారికీ నచ్చలేదు. ఆమె వేరే ఇల్లు చూసుకుని, 1945 ఆగస్టులో బ్లూ బుక్ మోడల్ ఏజెన్సీలో పేరు నమోదు చేయించుకుంది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు.

ఆ ఏజెన్సీని నడిపే ఎమెలీన్ స్నైవ్లీ మోడల్స్‌కి శిక్షణ కూడా ఇచ్చేది. మేకప్, నడక, నిలబడే తీరు, బట్టలు ఎంచుకోవడం అన్నీ నేర్పేవాళ్లు. ఆ కోర్సు ఫీజు కట్టేంత డబ్బు నార్మా జీన్ దగ్గర లేదు. ఏజెన్సీ ఇప్పించే పనుల్లో వచ్చే సంపాదన నుంచి కొంచెం కొంచెంగా తీర్చేట్టు మాట కుదిరిందని ఆమె జీవిత చరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరకు వద్దాం.

లోపాలు అడిగి తెలుసుకుంది

ఖరీదైన ఫ్యాషన్ దుస్తులకు సన్నగా, పొడవుగా ఉండే అమ్మాయిలు కావాలి. ఆమె శరీరాకృతి దానికి సరిపోదని ఏజెన్సీ తేల్చేసింది. మీలో ఎంతోమంది ఇక్కడే ఆగిపోతారు. హైటు చాలదనో, రంగు తక్కువనో ఒకరు అనగానే తలుపులన్నీ మూసుకుపోయాయనుకుంటారు. నార్మా జీన్ ప్రకటనల వైపు, పాపులర్ పత్రికల వైపు వెళ్లింది. ర్యాంప్ ఒక్కటే మోడలింగ్ కాదని ఎనభై ఏళ్ల కిందటే ఆమెకు అర్థమైంది.

ఉంగరాల గోధుమరంగు జుట్టును సాఫీ చేయించి, బంగారు రంగు వేయించుకుంది. నవ్వినప్పుడు ముక్కు పొడవుగా కనిపిస్తోందంటే, పై పెదవి కాస్త కిందికి దించి నవ్వడం సాధన చేసిందని చెబుతారు. ఫొటోలు వచ్చాక బాగున్నవి చూసి సంబరపడేది కాదు. బాగాలేనివి ముందేసుకుని, ఇందులో తప్పెక్కడ జరిగిందని ఫొటోగ్రాఫర్లను అడిగేది. ఏజెన్సీలో అందరికన్నా కష్టపడే మోడల్స్‌లో ఆమె ఒకరని స్నైవ్లీ తర్వాతి రోజుల్లో గుర్తుచేసుకుంది. 1946 మొదలయ్యేసరికి ఆమె బొమ్మ 33 పత్రికల ముఖచిత్రంగా వచ్చింది. ఏజెన్సీలో చేరి ఏడాది కూడా కాలేదప్పటికి.

అదే ఏడాది స్నైవ్లీ ద్వారా సినిమా ఏజెంటు పరిచయమయ్యాడు. ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ స్టూడియో స్క్రీన్ టెస్ట్ చేసి, 1946 ఆగస్టులో ఆరు నెలల ఒప్పందం రాసుకుంది. మార్లిన్ అన్న పేరు స్టూడియో అధికారి బెన్ లయన్ సూచించాడు. మన్రో తల్లి పుట్టింటి పేరు. సెప్టెంబరులో విడాకులయ్యాయి.

ఇక తిరుగులేదనుకుంటున్నారా? ఏడాది తిరిగేసరికి స్టూడియో ఆమెను వదిలేసింది. రెండే రెండు చిన్న వేషాలు దక్కాయి. 1948లో కొలంబియా స్టూడియో తీసుకుని, ఆర్నెల్లకే అదీ వదిలేసింది. ఆమె మళ్లీ మోడలింగ్‌కు వచ్చింది. నటన క్లాసులు మాత్రం మానలేదు. 1951లో, సినిమాల్లో కాస్త పేరు వస్తున్నప్పుడు కూడా విశ్వవిద్యాలయం సాయంత్రం తరగతుల్లో సాహిత్యం చదువుకుంది.

యాభై డాలర్ల సంతకం

ఇప్పుడు జాగ్రత్తగా చదవాల్సిన చోటుకొచ్చాం. 1949 మే నెల. చేతిలో పని లేదు, డబ్బు లేదు. టామ్ కెలీ అనే ఫొటోగ్రాఫర్ క్యాలెండర్ కోసం నగ్నంగా ఫొటోలు దిగమన్నాడు. అంతకుముందు వద్దన్న పనికే ఈసారి ఒప్పుకుంది. పారితోషికం 50 డాలర్లు. అనుమతి పత్రం మీద వేరే పేరుతో సంతకం పెట్టింది. అలా పెడితే ఎవరికీ తెలియదనుకుని ఉంటుంది.

మూడేళ్లు గడిచాయి. ఆమె తారగా ఎదుగుతున్న 1952లో ఆ సంగతి బయటికొచ్చింది. స్టూడియో పెద్దలు వణికిపోయారు. ఆమె మాత్రం దాచలేదు. అవసరం కొద్దీ చేశానని పత్రికలకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. జనం ఆమె వైపే నిలిచారు. అయితే ఆ బొమ్మ మీద ఆమెకు ఏ హక్కూ మిగల్లేదు. 1953 డిసెంబరులో ప్లేబాయ్ పత్రిక తన తొలి సంచికకు ఆ ఫొటోల్లో ఒకదాన్ని క్యాలెండర్ కంపెనీ నుంచి 500 డాలర్లకు కొనుక్కుంది. సంచిక 50 వేలకు పైగా అమ్ముడైంది. మార్లిన్‌కు కొత్తగా ఒక్క సెంటు రాలేదు, ఆమెను అడిగినవాళ్లూ లేరు.

డబ్బు అవసరం ఆ నెలది. సంతకం మాత్రం జన్మంతా ఉండిపోయింది.

ఆ పాఠం ఆమె నేర్చుకుంది. 1953లో వరుస విజయాలు వచ్చినా పాత ఒప్పందం ప్రకారం జీతం తక్కువే, కథ ఎంచుకునే హక్కు లేదు. 1954 జనవరిలో ఒక సినిమా చేయనని మొండికేస్తే స్టూడియో సస్పెండ్ చేసింది. ఆ ఏడాది చివర న్యూయార్క్ వెళ్లి, ఫొటోగ్రాఫర్ మిల్టన్ గ్రీన్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టింది. పత్రికలు ఎగతాళి చేశాయి. ఏడాది పాటు పోరాడాక స్టూడియో దిగొచ్చింది. నాలుగు సినిమాలకు 4 లక్షల డాలర్లు, కథనూ దర్శకుణ్నీ ఎంచుకునే హక్కూ ఇస్తూ కొత్త ఒప్పందం రాసింది. సమ్ లైక్ ఇట్ హాట్ సినిమాకు 1960లో గోల్డెన్ గ్లోబ్ అందుకుంది.

గెలవలేని పోరు

బయట ఇంత గెలిచిన మనిషి లోపల ఓడిపోతూ వచ్చింది. నిద్ర పట్టేది కాదు. మాత్రలు అలవాటయ్యాయి. కెమెరా ముందుకు రావాలంటే గంటల తరబడి భయం. 1962 ఆగస్టు 4 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో, నిద్రమాత్రలు మోతాదు మించి కన్నుమూసింది. వయసు 36. ఎప్పుడూ అందరూ చూసే ముఖమే మీ ఉద్యోగమైతే, ఆ ముఖం వెనకున్న మనిషిని కనిపెట్టుకుని ఉండే నలుగురు కావాలి. ఆమెకు చిన్నప్పుడూ అలాంటివాళ్లు దొరకలేదు, పెద్దయ్యాకా సరిగా దొరకలేదు. మీకు ఇంట్లోనే ఉంటే దాన్ని చిన్న విషయం అనుకోకండి.

మీరు మొదలుపెట్టాలంటే

* మేకప్ లేకుండా, పగటి వెలుతురులో, సాదా గోడ ముందు నాలుగు ఫొటోలు దిగండి: ఎదురుగా ముఖం, రెండు పక్కల నుంచి, నిలువెత్తుగా ఒకటి. మొదటి అప్లికేషన్‌కి ఇవి చాలు. ఫోన్ కెమెరా సరిపోతుంది.

* నార్మా జీన్ ఫీజు సంగతి గుర్తుందా? పని ఇప్పించి, అందులోంచి కమీషన్ తీసుకోవడం ఏజెన్సీ పద్ధతి. పోర్ట్‌ఫోలియో పేరుతోనో, రిజిస్ట్రేషన్ పేరుతోనో ముందే వేలకు వేలు కట్టమంటే లేచి వచ్చేయండి.

* పద్దెనిమిదేళ్లు నిండకపోతే మీరు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు. అమ్మానాన్నలు చదివి సంతకం పెట్టాలి. షూటింగ్‌కి కూడా వాళ్లలో ఒకరిని తీసుకెళ్లండి. వద్దని ఎవరైనా అంటే అక్కడ పని చేయకండి.

* ఇంట్లో పద్నాలుగేళ్లలోపు చెల్లో తమ్ముడో ప్రకటనల్లో చేస్తుంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

* ఫొటోలు ఎక్కడ వాడతారు, ఎన్నేళ్లు వాడతారు, ఇంకొకరికి అమ్ముకోవచ్చా అన్నవి కాగితం మీద ఉండాలి. ఖాళీలు వదిలిన ఫారం మీద సంతకం పెట్టొద్దు.

* చదువు ఆపొద్దు. నార్మా జీన్‌కు మధ్యలో ఆగిన చదువు కోసం మార్లిన్ మన్రో సాయంత్రం క్లాసులకు వెళ్లాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీలో వార్నిష్ కొట్టే అమ్మాయి ఏడాదిలోపే 33 ముఖచిత్రాలకు చేరింది. అదృష్టం ఆమెను ఓ కెమెరా ముందు నిలబెట్టింది. మిగతా దూరం నడిపించింది, బాగా రాని ఫొటోలను ముందేసుకుని కూర్చునే అలవాటు. ఆ అలవాటు చేసుకోవడానికి మీకు ఏజెన్సీ అక్కర్లేదు. ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు.