పక్షిమిత్రుడు సలీం అలీ

మగ్గముల చప్పుడు నడుమ పెరుగుచున్న భివండీ బాలబాలికలకు నేతపని క్రొత్త కాదు. గిజిగాడు అను చిన్న పక్షియు నేర్పరియైన నేతగాడే. ఆ పక్షి జీవితమును ఓపికతో పరిశీలించి లోకమునకు వెల్లడించిన మహనీయుడు సలీం అలీ.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ యింట పెరిగెను. బాల్యమున ఒకనాడు బొమ్మ తుపాకితో పిచ్చుకను కొట్టగా, దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ కనబడెను. అదేమి పక్షియో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు వెళ్లెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు ఆ బాలునకు సంఘమున భద్రపరచిన పక్షులను చూపి ప్రోత్సహించెను. వేటతో మొదలైన కుతూహలము నాటినుండి విజ్ఞానమువైపు మరలెను.

ఆయన త్రోవ పూలబాట కాదు. బర్మాలో చేసిన కుటుంబ వ్యాపారము కలిసిరాలేదు. జర్మనీలో పక్షిశాస్త్రము నభ్యసించి 1930లో తిరిగివచ్చునప్పటికి, బొంబాయి మ్యూజియములోని ఆయన ఉద్యోగము ధనాభావముచే రద్దయి యుండెను. అప్పుడాయన భార్య తెహమీనాతో కొంకణ తీరమందలి కిహీం గ్రామమునకు చేరెను. పని లేదని చింతించుచు కూర్చుండక, వానకాలమున అచ్చట గూళ్లు కట్టుచున్న గిజిగాళ్లను గమనించెను. మగపక్షి ఆకులనుండి సన్నని నారలు చీల్చి తెచ్చి గూటిని సగము అల్లును. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చినచో దానిని స్వీకరించును. పిమ్మట మగపక్షి ఆ గూటిని ముగించి, మరొక గూటి నారంభించును. గిజిగాడు వరిగింజలను తినును గనుక రైతు దానిని తరుముట సహజము. కాని తన పిల్లలకు అది పురుగులను, మిడుతలను తెచ్చి పెట్టును. పక్షులు సేద్యమునకు చేయు ఇట్టి మేలును సలీం అలీ తన రచనలలో వివరించెను.

1931-32లో ఆయన హైదరాబాదు సంస్థానమందలి పక్షులను సర్వే చేసెను. 1941లో భారతదేశ పక్షులనుగూర్చి ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను. 1976లో పద్మవిభూషణ బిరుదము నందెను.

రాజస్థానమందలి భరత్‌పూరు చిత్తడినేల ఒకప్పుడు రాజుల బాతువేటకు నెలవు. దానిని పక్షుల శరణాలయముగా నిలుపుటకు ఆయన మిక్కిలి కృషిచేసెను. 1982లో అచ్చట పశువుల మేతను నిషేధించిరి. సలీం అలీయు దానిని సమర్థించెను. తరతరములుగా గేదెలను మేపుకొనుచుండిన గ్రామస్థులు ఎదిరింపగా, పోలీసు కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1987 జూన్ 20వ తేదీన సలీం అలీ పరమపదించెను. ఆయన సంఘమువారే పదియేండ్లు పరిశోధించి 1991లో ఫలితము ప్రకటించిరి. గేదెలు మేయకపోవుటచే గడ్డి దట్టముగా పెరిగి నీటిని కప్పివేసెననియు, నీటిపక్షులకు చోటు తగ్గెననియు తేలెను. పక్షులకు శత్రువులనుకొన్న గేదెలే వానికి సాయపడుచుండెను.

మన కడప జిల్లాలోను ఇట్టి పాఠమే కలదు. 1900 తరువాత కానరాక, నశించెనని తలపబడిన కలివికోడిని ఆ సంఘపు పరిశోధకుడు 1986లో రెడ్డిపల్లె సమీపమున కనుగొనెను. దానికి దట్టమైన అడవియు పనికిరాదు, పొదలన్నియు నరికివేసిన నేలయు పనికిరాదు. మితముగా పొదలున్న బీడే కావలెను. పశువులు ఎంత మేయవలెను, పొదలను ఎంతవరకు కొట్టవలెను అనుదానిపై దాని మనుగడ ఆధారపడి యున్నది.

భరత్‌పూరు విషయమున సలీం అలీ తలంపు సరికాదని తేల్చినది ఆయన నేర్పిన పరిశీలనయే. ఇది ఆయన కీర్తికి లోపము కాదు. గురువు మాటను గూడ పరీక్షించి సత్యమును గ్రహించుటయే నిజమైన గురుదక్షిణ. బాలబాలికలారా! ఈ వానకాలమున ఊరి వెలుపలి పొలములకు పోయినప్పుడు గిజిగాని గూడు కనబడినచో రాయి విసరకుడు. కొంతసేపు నిలిచి చూడుడు.