క్రిస్టఫర్ స్ట్రేచీ

క్రిస్టఫర్ స్ట్రేచీ (నవంబర్ 16, 1916 - మే 18, 1975) బ్రిటిషు కంప్యూటర్ శాస్త్రవేత్త. అసెంబ్లీ భాషలో వాడే మాక్రోలను ఏ భాషకైనా పనికివచ్చే సాధనంగా తీర్చిదిద్దినవారిలో ప్రముఖుడు.

కుటుంబం

స్ట్రేచీ లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి ఆలివర్ గూఢలిపి నిపుణుడు. తల్లి రే మహిళల ఓటుహక్కు కోసం పోరాడిన రచయిత్రి. జీవితచరిత్రల రచయిత లిటన్ స్ట్రేచీ ఇతనికి పినతండ్రి.

ఈ ఇంటిపేరు రాయలసీమ చరిత్రలోనూ కనిపిస్తుంది. 1876-78 నాటి ధాత కరువు, అప్పట్లో బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్న అనంతపురం ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. (అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో.) ఆ కరువు తరువాత 1878లో నియమించిన కరువు కమిషన్‌కు అధ్యక్షుడు సర్ రిచర్డ్ స్ట్రేచీ, క్రిస్టఫర్‌కు తాతగారు.

ఉద్యోగాలు

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చదివినా పట్టా సాధారణ శ్రేణిలోనే వచ్చింది. యుద్ధకాలంలో ఒక టెలిఫోను కంపెనీలో పనిచేసి, తరువాత బడిపంతులయ్యాడు. హారో పాఠశాలలో ఉండగానే, 1951లో, డ్రాఫ్ట్స్ ఆట ఆడే ప్రోగ్రాము వ్రాశాడు. మాంచెస్టర్ కంప్యూటరు చేత ప్రేమలేఖలు కూడా వ్రాయించాడు.

మాక్రోలు

అసెంబ్లీ భాషలో దాదాపు ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క యంత్రాదేశం. ఒకే వరుస పలుచోట్ల రావలసినప్పుడు దానికొక పేరు పెట్టి, మారే భాగాలను మాత్రం పిలిచిన ప్రతిసారీ అందిస్తే, ఆ పేరు ఉన్నచోట పూర్తి వరుస వచ్చి చేరుతుంది. ఇదే మాక్రో.

టైటాన్ కంప్యూటరుపై సి.పి.ఎల్. భాషకు కంపైలరు తయారీలో సహాయంగా స్ట్రేచీ రూపొందించిన జి.పి.ఎం. 1965లో ప్రచురితమైనది. దీనిలో మాక్రో మరొక మాక్రోను నిర్వచించగలదు. విశేషమేమనగా షరతుకు ప్రత్యేక ఆదేశం లేదు. ఇచ్చిన పేరుకు మొదట 'కాదు' ఫలితాన్ని, పోల్చవలసిన పేరుకు ఆ తరువాత 'అవును' ఫలితాన్ని నిర్వచించి, ఇచ్చిన పేరును పిలుస్తారు. రెండు పేర్లూ ఒకటే అయితే చివరి నిర్వచనమే చెల్లుతుంది, లేనిచో మొదటిది. ఉపాయం చిన్నది, శక్తి పెద్దది. కానీ ఇలా వ్రాసినదానిలో తప్పు వెదకడం మాత్రం కష్టమే. 1977లో కెర్నిగన్, రిచీ వ్రాసిన ఎం4 ఈ బాటలోనిదే.

ఆక్స్‌ఫర్డ్

1965లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రోగ్రామింగ్ పరిశోధన బృందాన్ని స్థాపించాడు. ప్రోగ్రాముకు గణితపరంగా అర్థం చెప్పే పద్ధతిని డానా స్కాట్‌తో కలిసి అభివృద్ధి చేశాడు. 1971లో ఆచార్యుడయ్యాడు. అచ్చువేసినది తక్కువ; 1967 నాటి కోపెన్‌హాగన్ ఉపన్యాసాలు చాలాకాలం నకళ్ళ రూపంలోనే చేతులు మారాయి. కాలేయవ్యాధితో 58వ యేట మరణించాడు. రాబర్ట్ మిల్న్‌తో కలిసి చేసిన రచన మరుసటి సంవత్సరం, 1976లో, గ్రంథంగా వెలువడింది.