వెలుగునే కొలబద్దగా చేసినవాడు

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ల్యాబ్‌లో స్క్రూగేజీతో తంటాలు పడ్డవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఒకే తీగను ఇద్దరం కొలిస్తే రెండు కొలతలు వచ్చేవి. కాస్త గట్టిగా బిగిస్తే తీగే నొక్కుకుపోయేది. తాకకుండా, వెలుగుతోనే కొలిచే దారి చూపినవారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ మైకెల్సన్. పరీక్షల కోసం ఆయన ప్రయోగాన్ని బట్టీ పట్టాను గానీ, ఆయన కూడా మనలాగే వలస వచ్చినవాడని నాకు అమెరికా వచ్చాకే తెలిసింది.

మైకెల్సన్ 1852 డిసెంబరు 19న అప్పటి ప్రష్యాలోని స్ట్రెల్నోలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరి, కాలిఫోర్నియా, నెవాడాలలోని గనుల ఊళ్ళలో పెరిగారు. తండ్రిది చిన్న వ్యాపారం. 1869లో నౌకాదళ అకాడమీలో నెవాడాకు ఉన్న సీటు మరొకరికి దక్కింది. ఆ కుర్రవాడు ఊరుకోలేదు. వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు గ్రాంట్‌నే కలిశాడు. అధ్యక్షుడి చేతిలో ఉన్న పది సీట్లూ అప్పటికే అయిపోయినా, చివరికి పదకొండోది దొరికింది.

చదువు ముగిశాక అక్కడే భౌతికశాస్త్రం బోధిస్తూ, 1879లో కాంతి వేగాన్ని కొలిచారు. నేటి విలువతో పోలిస్తే తేడా పదివేలలో నాలుగు వంతులే.

1881లో జర్మనీలో ఇంటర్ఫెరోమీటర్ నిర్మించారు. సూత్రం తేలికే. సగం వెండి పూత పూసిన గాజుపలక ఒక కిరణాన్ని రెండుగా చీలుస్తుంది. రెండూ వేర్వేరు అద్దాల దాకా వెళ్ళి, తిరిగొచ్చి కలిసినప్పుడు వెలుగునీడల చారలు కనిపిస్తాయి. ఒక అద్దం సగం తరంగదైర్ఘ్యం జరిగితే ఒక చార దాటిపోతుంది. ఎరుపు వెలుగులో అది మిల్లీమీటరులో దాదాపు మూడువేలో వంతు. చారలు లెక్కపెడితే చాలు, వస్తువును ముట్టుకోనక్కర్లేదు. బెర్లిన్ వీధుల అదురుకే చారలు చెదిరిపోతుంటే, పరికరాన్ని పోట్స్‌డామ్‌కు తరలించారు.

1887లో క్లీవ్‌లాండ్‌లో ఎడ్వర్డ్ మోర్లీతో కలిసి, పాదరసంపై తేలే రాతిపలక మీద ఆ పరికరాన్ని పెట్టి, భూమి ఈథర్‌లో ప్రయాణిస్తున్న జాడ కోసం వెదికారు. అనుకున్నంతగా చారలు కదల్లేదు. ఆయన నిరాశపడ్డారు, కానీ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రకటించారు. ఈథర్ మీద మమకారం మాత్రం చివరిదాకా పోలేదు. ఆయన వైఫల్యంగా భావించిన ఆ ఫలితమే తరువాత సాపేక్ష సిద్ధాంతానికి గట్టి సాక్ష్యాలలో ఒకటైంది.

1892-93లో పారిస్ దగ్గర మీటరు కడ్డీనే వెలుగుతో కొలిచారు. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు పొడవుండే తొమ్మిది ప్రమాణాలతో మెట్లు మెట్లుగా ఎక్కి, మీటరులో కాడ్మియం ఎర్ర వెలుగు తరంగాలు 15,53,163.5 అని తేల్చారు. 1907లో నోబెల్ బహుమతి వచ్చింది. విజ్ఞానశాస్త్రాల్లో దాన్ని పొందిన తొలి అమెరికన్ ఆయనే. 1931 మే 9న పసడీనాలో కన్నుమూశారు. అప్పటికి ఒక మైలు పొడవున్న, గాలి తీసేసిన గొట్టంలో మళ్ళీ కాంతి వేగాన్నే కొలుస్తున్నారు. ఆ పనిని సహచరులు పూర్తిచేశారు.

1960లో మీటరును కాంతి తరంగాలతోనే నిర్వచించారు. 1983 నుంచి కాంతి వేగమే దానికి ఆధారం. నేడు యంత్రపరికరాల కదలికను సరిచూసే లేజర్ ఇంటర్ఫెరోమీటర్లలోనూ, చిప్పుల తయారీలో సిలికాన్ పలకను నానోమీటర్ల ఖచ్చితత్వంతో జరిపే యంత్రాల్లోనూ పనిచేసేది ఆయన చూపిన చారల లెక్కే. 2015లో గురుత్వ తరంగాలను పట్టిన లైగోలో అదే అమరికకు నాలుగు కిలోమీటర్ల చేతులు.

సాఫ్ట్‌వేర్ టెస్టు ఫెయిలైతే నా కోడ్‌ను వదిలేసి ముందు ఆ టెస్టునే అనుమానించడం నాకు అలవాటు. అలాంటప్పుడు మైకెల్సన్ గుర్తుకొస్తారు. ఏళ్ళ తరబడి నమ్మినదానికి తన కొలతే ఎదురు తిరిగితే, ఆయన కొలతను దిద్దలేదు. సైన్స్ ప్రాజెక్టులో అనుకున్న ఫలితం రాలేదని మన పిల్లలు దిగాలుగా ఇంటికొచ్చిన రోజున, ఈ వలస కుర్రవాడి కథ చెప్పి చూడండి.